ఆపాకు ఇవ్వని సీటు

మొన్న పొద్దున కడప నుంచి ఫోన్ వచ్చింది. ఆపా పోయింది. మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఏడేళ్లు మా పక్కింట్లో ఉన్న మనిషి. వాళ్లింట్లో అక్కను ఆపా అంటారని నేనూ అలాగే పిలిచేదాన్ని. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

ఎనభైల చివర్లో ఆమె మస్కట్‌లో ఒక లాయర్ల ఆఫీసులో టైపిస్టు. యజమాని ఇంగ్లీషాయన. దావా కాగితం టైపు చేస్తూనే తప్పెక్కడుందో పట్టుకునేది. ఇంటికొచ్చి చేపలు కడుగుతూ కూడా అవే కబుర్లు. "చదవకుండా వేలిముద్ర వేసేటోళ్ల మీద నాకు కోపం లేదు పాపా. చదవనీకుండా వేయించుకునేటోళ్ల మీదే" అనేది.

ఆ ఆఫీసు వాళ్లు తమ ఖర్చుతో ఏటా ఒకరిని పోస్టు ద్వారా లా చదివించేవారు. ఒక ఏడు మలయాళీ గుమాస్తాకు ఇచ్చారు. మరుసటేడు తెల్ల సెక్రటరీ అమ్మాయికి. ఆపా డిగ్రీ చదివింది, ఇద్దరికంటే ముందు చేరింది. మూడో ఏడు తానే వెళ్లి యజమానిని అడిగింది.

ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే మా వంటింట్లోకి వచ్చేసింది.

"ఏమన్నడు ఆపా?"

"ఇండియావాళ్లకు ఇయ్యరా అంటే, గుమాస్తాకు ఇచ్చినాం కదా అన్నాడు. ఆడోళ్లకు ఇయ్యరా అంటే, ఆ పిల్లకు ఇచ్చినాం కదా అన్నాడు. మరి నేనెవుర్నంట?"

"పోనీ తియ్యి ఆపా, డ్యూటీ అయితే ఉన్నది గదా" అన్నాను.

"నువ్వు కూడా అట్లే అంటావా?" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ మంట.

ఆ గుమాస్తా, సెక్రటరీ లా కోర్సుకు పంపే జవాబులు టైపు చేసింది ఆపానే, తప్పులు దిద్ది మరీ. ఇద్దరూ పాసయ్యారు. తొంభైల్లో ఊరికి వెళ్లిపోయేదాకా ఆమె టైపిస్టే. మొన్న ఫోన్‌లో ఆమె మరిది "మా వదినది ఎంత ఓపికో" అన్నాడు. ఓపిక కాదయ్యా, దారి ఇవ్వలేదు అని గట్టిగానే అన్నాను.

మస్కట్‌లో ఉన్నప్పుడు శుక్రవారం నమాజు అయ్యాక బిల్డింగు సైట్ల నుంచి మనవాళ్లు కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మం ముందుకు వచ్చేవారు. ఒకసారి జగిత్యాల మనిషి ఒకాయన, "సంతకం పెట్టుమని మా కంపెనీ ఓనరు అర్బాబు తొందర చేస్తున్నడు అక్కా" అన్నాడు. ఆపా కాగితం తీసుకుని వేలు పెట్టి వరస వరసా చదివింది.

"నువ్వు వకీలువా అక్కా?"

"కాదు" అంది తల ఎత్తకుండానే. "రెండో పేజీ యాడుంది?"

ఆయన జేబులన్నీ తడుముకుంటున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. ఆపా చాచిన చెయ్యి అలాగే ఉంచింది.