తోమని కుంది కోసం

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి వేసవిలో, విజయవాడలోని ఒక చిన్న వీడియో గేమ్ స్టూడియోకు నేను నూజివీడులోని ఇంటి నుంచే సీనియర్ టెక్స్చర్ ఆర్టిస్టుగా పనిచేస్తుండగా, ఒక ఆటలో కనిపించే పల్లెటూరి పూజగది సామాను మా వంతుకు వచ్చింది. అందులో ఇత్తడి దీపపు కుందిని మా జట్టులో కొత్తగా చేరిన శ్రావణికి అప్పగించారు.

టెక్స్చర్ అంటే వస్తువుకు తొడిగే చర్మం. ఆకారం వేరొకరు చేస్తారు. అది బూడిదరంగు బొమ్మలా మా దగ్గరికి వస్తుంది. అది ఇత్తడో కర్రో తేల్చేది మేము. ముఖ్యంగా మూడు పటాలు తయారుచేస్తాం: రంగుకు ఒకటి, ఎక్కడ లోహం ఉంది ఎక్కడ లేదు అన్నదానికి ఒకటి, నునుపు గరుకులకు ఒకటి. చూసేవాళ్లను నమ్మించేది ఈ మూడోదే. వెలుతురు అంతటా ఒకేలా జారిపోతే ఇత్తడి కాస్తా ప్లాస్టిక్ అవుతుంది. నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు. లారీల మీద పేర్లు రాసే మా నాన్నగారు అక్షరాలతో పాటు రంగులూ ఇంట్లోనే నేర్పారు. ఆ విద్యతోనే ఇంతకాలం అన్నం పెట్టించిన భగవంతుడికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను.

శ్రావణిది విస్సన్నపేట. తల్లి మామిడితోటల్లో కాయలు ఏరే పనికి వెళ్లేది. పిల్ల ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. అప్పటికే తను చేసిన చెంబు, గంట రెండూ ‘ప్లాస్టిక్‌లా ఉన్నాయి’ అన్న రిమార్కుతో తిరిగొచ్చాయి. సోమవారం రివ్యూలో కుంది కూడా తిరిగొస్తే ఆమెను పంపించేయక తప్పదని ఆర్ట్ డైరెక్టరు నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆ పిల్ల కన్ను మంచిదని నాకు నమ్మకం. ఆ మాట రివ్యూలో చెల్లదు.

రిఫరెన్స్ ఫోటోలు మేమే తీసుకోవాలన్నది స్టూడియో నియమం. మా ఇంట్లో కుందులు నేను రోజూ తోముతాను కనుక పనికిరావు. వాళ్లింట్లో వాడుకలో ఉన్నదాన్ని తోమకుండా తీయమన్నాను. బుధవారం ఆ ఫోటోలు తెరిస్తే కుంది అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు మెరుస్తోంది. వెంటనే ఫోన్ చేశాను.

“అమ్మ తోమేసిందండీ. ‘దేశంకాని దేశం వాళ్లు చూస్తారంట, మసి కుంది పెడతావా, నీకు సిగ్గులేదా’ అందండీ.”

“నువ్వు వద్దనలేదా?”

“ఫోటో సంగతి ముందే ఫోన్‌లో చెప్పానండీ, నేను బస్సు దిగేసరికే తోమి ఎండలో పెట్టింది. పక్కింటావిణ్ణి అడిగితే, ఫోటో అనగానే ఆవిడా చింతపండు తీసింది.”

నవ్వొచ్చింది గానీ సంగతి అర్థమైంది. చెప్పి వెళితే ఏ ఇంట్లోనూ దొరకదు. మావైపు చాలా ఇళ్లలో శుక్రవారం పూజ కోసం గురువారమే సామాను తోముకుంటారు. అంటే వారం జిడ్డంతా ఉండేది గురువారం పొద్దున. మర్నాడు శ్రావణిని తొలి బస్సుకే రమ్మని, మా వీధి చివర రసాల మామిడి వ్యాపారి ఇంటికి చెప్పాపెట్టకుండా తీసుకెళ్లాను. ఆయన భార్య సుబ్బలక్ష్మిగారిని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. పెరట్లో చింతపండు నానేసి కూర్చుంది.

“కుంది ఫోటో తీసుకుంటాం పిన్నిగారూ, తోమకుండా.”

“ఏంటీ, మసి పట్టినదాన్నా? ఊళ్లో ఇంకెవరి పరువూ దొరకలేదా నీకు?”

“మీ ఇల్లు కనపడదండీ, కుంది ఒక్కటే,” అంది శ్రావణి.

“కుంది చూస్తే చాలదూ, ఇల్లాలు ఎలాంటిదో తెలియడానికి!”

శ్రావణి తలొంచుకుంది. “ఇది బాగా రాకపోతే నా ఉద్యోగం పోద్దండీ.”

పిన్నిగారు ఆ పిల్లను ఎగాదిగా చూసింది. “సరే, తియ్యి. తీశాక మాత్రం నువ్వే తోమాలి. తళతళలాడకపోతే ఊరుకోను.”

నీడపట్టున అన్నివైపుల నుంచీ ఫోటోలు తీశాం. తర్వాత శ్రావణి కొంగు దోపుకున్నట్టు చున్నీ బిగించి తోమడానికి కూర్చుంది. సగంలో ఆపించి, కడిగించి మళ్లీ తీశాను. పూర్తయ్యాక ఇంకోసారి. చేత్తో పట్టుకునే కాడ అద్దంలా ఉంది. ప్రమిద అంచు కింద మసి అలాగే ఉంది. కాడ చుట్టూ ఉంగరాల్లా ఉబ్బిన కట్ల మధ్య సన్నని పచ్చటి చిలుము గీత.

“ఇక్కడికి వేలు పోవట్లేదండీ,” అంది శ్రావణి.

“నా పెళ్లయిన దగ్గర్నుంచీ పోలేదమ్మా,” అంది పిన్నిగారు.

శ్రావణి చేయి ఆగిపోయింది. అప్పటివరకూ ఆమె సాఫ్ట్‌వేర్‌లో దొరికే మరకలను వస్తువంతా సమానంగా చల్లేది. మురికి అలా ఉండదని ఆ కట్ల దగ్గర కళ్లారా చూసింది. ఇంటికెళ్లి పాత పని మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టింది. నూనె, మసి లోహాలు కావు కనుక రెండో పటంలో వాటి చోటు, లోహం లేదనడానికి గుర్తుగా, నల్లగా నింపింది. కాడను నునుపుగా, కట్ల సందులను గరుకుగా ఉంచింది. నేను చెయ్యి పెట్టలేదు.

సోమవారం డైరెక్టరు ఆ కుందిని తెరమీద వెలుతురులో చాలాసేపు తిప్పి చూశారు. నూనె జాడ అంచు కాస్త మెత్తబరచమని ఒక్క సవరణ చెప్పి ఆమోదించారు. శ్రావణి ఉద్యోగం నిలిచింది. తలుపు మూయని పిన్నిగారికి నా కృతజ్ఞత.

ఆ తర్వాత ఏ లోహపు వస్తువు చేతికొచ్చినా, దాన్ని ఎవరు తోముతారు, దేంతో తోముతారు, వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతుంది అని అడిగాకే రంగు ముట్టుకునేదాన్ని. కత్తయినా అంతే, ట్రాక్టరు నాగలైనా అంతే. ఎవరూ తోమని వస్తువైతే ఆ సంగతీ ముందే తెలియాలి. దానికి మురికి పట్టే తీరు వేరు.