వెనక బెంచీ ముత్యం

నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏమిటే అని నాయనమ్మ విసుక్కున్న మాటే ఆ పిల్లకు పేరై కూర్చుంది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. తల్లి బట్టల దుకాణం వెనక గదిలో కూర్చుని, కొన్నవాళ్ళ ఒంటికి తగ్గట్టు కొత్త బట్టలు సరిచేసి కుట్టేది. ముత్యం మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. మార్కులకు లోటు లేదు గానీ, తరగతిలో ఆమె గొంతు విన్నవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడాది తండ్రికి నడుం పట్టేసింది. స్టీరింగు వదిలి డిపోలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చోవలసి వచ్చింది. జీతం తగ్గింది. మూడో ఏడు ఫీజు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ముత్యాన్ని భయపెట్టింది.

అప్పుడు మొదలైంది స్కాలర్‌షిప్పుల వేట. పేరున్న కంపెనీలు ఇచ్చేవాటికి చీమల బారుల్లా జనం. రెండింటికి దరఖాస్తు పెట్టింది. ఒకటి మర్యాదగా కాదంది, రెండోది పలకనే లేదు. చివరికి నోటీసు బోర్డు మూలన, పాత టైంటేబుల్ చాటున ఒక ప్రకటన కనిపించింది. నీళ్ళ పంపులు తయారుచేసే చిన్న కార్ఖానాల సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ అది. సీనియర్లను అడిగితే అలాంటిదొకటి ఉందనే తెలియదన్నారు. అయితే విద్యార్థి పనిని స్వయంగా చూసిన ప్రొఫెసరు ఉత్తరం జతచేయాలట.

గుండె చిక్కబట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్ళింది. ఆయన కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు.

"మంచి మార్కులేనమ్మా. కానీ అవి వాళ్ళకీ కనిపిస్తాయిగా. నీ గురించి నాకేం తెలుసని రాయను?"

ముత్యానికి తల కొట్టేసినట్టయింది. కాగితాలు తీసుకుని ఇంటికొచ్చేసింది. తల్లి గుచ్చి గుచ్చి అడిగితే సంగతి చెప్పింది. తన తరఫున ఆ పెద్దమనిషిని నాలుగు తిడుతుందనుకుంది.

తల్లి దారం కొరికి, "ఆయనన్న దాంట్లో తప్పేముంది? కొలతలివ్వకుండా చొక్కా కుట్టమంటే నేను మాత్రం కుడతానా?" అంది.

మర్నాడు ముత్యం మళ్ళీ ఆ గది తలుపు తట్టింది.

"ల్యాబులో ఏదైనా పనుంటే చెప్పండి సార్. చూశాక రాయాలనిపిస్తేనే రాయండి."

రెండేళ్ళలో కాలేజీలో ఆమె అంత మాట్లాడడం అదే మొదలు. ప్రొఫెసరు నవ్వి, ల్యాబు మూలన పడున్న పంపొకటి చూపించాడు. నడుస్తుంది గానీ గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడు, నీళ్ళు సగమే.

సాయంత్రాలు దాంతోనే సరిపోయాయి. ల్యాబు మెకానిక్కును అడిగి స్పానర్లు తెచ్చుకుంది, బోల్టులు ఊడదీయడం నేర్చుకుంది, బట్టలనిండా గ్రీజు పూసుకుంది. విప్పి చూస్తే, నీళ్ళను తిప్పికొట్టే చక్రం అంచులు పురుగు తొలిచినట్టున్నాయి. ఎంత ఆలోచించినా కారణం అంతుపట్టలేదు. తెలియకుండా నిద్ర పట్టేలా లేదు. క్లాసులో లేచి నిలబడింది.

"సార్, నీళ్ళు ఇనుమును ఎలా కొరుకుతాయి?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముత్యం చెవులు ఎర్రబడ్డాయి గానీ కూర్చోలేదు. ప్రొఫెసరు ఆ రోజు పాఠం పక్కన పెట్టి, నీళ్ళలో పుట్టే బుడగలు పగిలేటప్పుడు లోహాన్ని ఎలా దెబ్బతీస్తాయో గంట కొట్టేదాకా చెప్పాడు. ఆ మాట పట్టుకుని వెతికితే, నీళ్ళు లాగే గొట్టంలో ఎప్పుడో ఇరుక్కున్న రబ్బరు ముక్క దొరికింది. గొట్టం శుభ్రం చేసి, చక్రం మార్చి బిగిస్తే పంపు సాఫీగా తిరిగింది. ఆ వారమే ఆయన ఉత్తరం రాసి, కవరు అంటించి ఇచ్చాడు.

సంఘంవాళ్ళు స్కాలర్‌షిప్‌ను ఇద్దరికి పంచారు. ముత్యానికి దక్కింది సగమే. మిగతా సగానికి ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళలో ఒకడికి ఎక్కాలు ఎక్కించేసరికి తాతలు దిగొచ్చారు. ఏమైతేనేం, మూడో ఏడు ఫీజు గడువులోనే కట్టింది.

వేసవి సెలవుల్లో ఆ సంఘంలోని ఒక కార్ఖానా పనికి పిలిచింది. మొదటిరోజు తండ్రే వెంట వచ్చి, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చూపించాడు. గేటు దగ్గర, సాయంత్రం రానా అని అడిగాడు.

"వద్దు నాన్నా, దారి తెలిసిందిగా" అని ముత్యం లోపలికి నడిచింది.