తాళం వేసిన జనరేటరు

హుకుంపేట అవతల కొండమీదికి ఏ కొత్త వస్తువు ఎక్కినా ముందు విశ్వాసం అనే పెద్దాయన ఇంటి గడపే తొక్కేది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి డెబ్బై ఏళ్ళకు మూడెకరాల కాఫీతోట, స్లాబు ఇల్లు సంపాదించాడు. చర్చికి గంట కట్టించింది అతడే. ఊళ్ళో బోరు వేయించింది అతడే. ఈ మాట అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

భార్య దేవమణికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు ఆక్సిజన్ అందించే మిషను మీద బతుకుతోంది. దానికి కరెంటు కావాలి. వానాకాలం కొండమీద కరెంటును నమ్ముకున్నవాడు లేడు. అందుకని కరెంటు పోగానే తనంతట తానే అందుకునే గ్యాసు జనరేటరు తెప్పించాడు విశ్వాసం. ఆ కొండకు అదే మొదటిది.

బిగించడానికి కురుపాం నుంచి గంగాభవాని వచ్చింది. ఐటీఐ చదివిన పిల్ల. పెరట్లో, కిటికీలకు దూరంగా సిమెంటు దిమ్మె పోయించి దానిమీద కూర్చోబెట్టింది.

"ఇక్కడే ఉండాల తాతా. దీని పొగ ఇంట్లోకి పోకూడదు. ఆపే బటను, గ్యాసు కట్టేసే మీట ఎవులికైనా అందాల."

"ఓసి గుంటా, పొగ గురించి నాకు సెప్తన్నావేటి? మాయమ్మ పొగలోనే నన్ను కన్నాది. అటకమీద మొక్కజొన్న పొత్తులకి పురుగు పట్టకుండా కాసేది ఆ పొయ్యి పొగే!"

"పొయ్యి పొగ కళ్ళు మండించి నిద్దర్లోంచి నేపుతాది. దీన్ది కనపడదు, వాసన రాదు."

"కనపడని పొగంటర్రా!" అంటూ విశ్వాసం అరుగుమీద కూర్చున్న ఊరివాళ్ళ వైపు తిరిగాడు. అందరూ నవ్వారు. పిల్ల సామాను సర్దుకుని కొండ దిగింది.

వారం తిరక్కుండా బావమరిది బుధు చేత జనరేటరును వెనక వరండాలోకి మోయించాడు. తడవకుండా చుట్టూ టార్పాలిన్ కట్టాడు. దొంగలు ఎత్తుకుపోకుండా ఇనుపగ్రిల్లు పెట్టి, తాళంవేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దేవమణి గది కిటికీ ఆ వరండాలోకే తెరుచుకుంటుంది.

మొదటి వానకు కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది. అరగంటకల్లా దేవమణి మూలిగింది.

"తల బద్దలైపోతంది. కడుపులో తిప్పుతంది. ఆపీ."

విశ్వాసం ఆమె వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాడు. "తొంభై ఏడు! నీకు సుకం పడదే ముసిలీ."

కనపడని ఆ పొగలోని విషగాలి ఎక్కిన రక్తాన్ని కూడా క్లిప్పు మంచి రక్తమనే చూపిస్తుందని అతడికి తెలియదు. చెప్పినా వినే మనిషి కాదు. ఆ పూట కరెంటు తొందరగా వచ్చింది కాబట్టి దేవమణి బతికిపోయింది.

సంతరోజు మధ్యాహ్నం మళ్ళీ గాలివాన. విశ్వాసం సంతలో టీ బడ్డీ దగ్గర ఉన్నాడు. "కొండంతా సీకటి. నా ఇంట్లోనే దీపం" అని నలుగురికీ చెబుతున్నాడు. అప్పుడు ఫోను మోగింది. బుధు.

"బావా, అప్ప పలకట్లేదు! ఎత్తబోతే నాకే కళ్ళు తిరిగి కూలబడిపోనాను. జనరేటరు ఆపుదామంటే తాళం. బేగి రా!"

"రాయెట్టి కొట్టకురోయ్, గ్రిల్లు కొత్తది. నేనొచ్చి తీస్తాను."

అని గ్లాసులో మిగిలిన టీ తాగాడు.

అతడు వచ్చేసరికి దేవమణి వానలో, కాఫీ ఆరబోసే నేలమీద ఉంది. ఇరుగుపొరుగు నలుగురు లాగి బయటపెట్టారు. చెంపలు ఎర్రగా, పడుచుపిల్లకున్నట్టు ఉన్నాయి. ఊపిరి లేదు. లోపల ఖాళీ మంచంమీద ఆక్సిజన్ గొట్టం బుస్సుమంటూనే ఉంది.

"ఒక్క సెణం ఆగనేదు మావా నీ జనరేటరు" అంది పొరుగింటి ముత్యాలమ్మ.

విశ్వాసం మొలతాడు ముడి విప్పబోయాడు. తడిసిన ముడి బిగిసిపోయింది. బుధు నడుముకున్న కత్తి తీశాడు. బావ ముఖంలోకి చూడకుండా మొలతాడు పుటుక్కున తెంపి, తాళంచెవి తీసుకుని వరండా వైపు నడిచాడు.