తెల్లగా విరిగే ఇనుము

ఆకురాయి ఇనుమును కొరకలేక జారిపోతే కీచుమని ఒక చప్పుడు వస్తుంది. ఈ ఉదయం నా చేతి కిందే ఆ చప్పుడు వచ్చింది. మల్లయ్య కాక గుర్తొచ్చాడు.

భువనగిరి దగ్గరి ఫౌండ్రీలో ఆయన పోత మేస్త్రి. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది నేనక్కడ తుక్కు తూచే పనిలో చేరాను. పదో తరగతి తప్పినా అంకెలంటే ప్రాణం. ఇనుము కరిగించిన ప్రతిసారీ ఆయన ముందుగా ఉలి ఆకారపు చిన్న ముక్క పోసి, చల్లార్చి, విరిచి చూసేవాడు. ఒకరోజు అలాంటివి రెండు నా ముందు పెట్టాడు. ఒకదాని లోపల బూడిద రంగు, ఇంకోదాని లోపల తెలుపు.

"ఏది గట్టిది బిడ్డా?"

"తెల్లది, కాకా."

"అయితే సుత్తెతోని కొట్టు."

ఒక్క దెబ్బకు తెల్లది ముక్కలైంది. "గట్టిదే. పగులుడు తప్ప ఇంకోటి తెల్వది దానికి," అని నవ్వాడు.

ఆ తెలుపు సిమెంటైట్ అని తరువాత ఒక పాత పుస్తకంలో చదివాను. మూడు ఇనుప పరమాణువులకు ఒక కార్బన్ పరమాణువు; ఆకురాయి కూడా దాన్ని కొరకలేదు. ఇనుములో కలిపే సిలికాన్ తగ్గితే, పోత తొందరగా చల్లారితే అది పెరుగుతుంది. ఏ తుక్కు ఎంత వేయాలో నోటుబుక్కులో లెక్కగట్టడం అలా అలవాటైంది.

ఒక వేసవిలో రైసు మిల్లుకు ఎనిమిది పుల్లీలు పోశాం. మా ఫౌండ్రీ సేటు తొందరలో సిలికాన్ సగమే వేయించాడు. పరీక్ష ముక్క కూడా పోయనీయలేదు. నా లెక్కలో అవి తెల్లగానే విరగాలి. తిరిగే పుల్లీ పగిలితే పక్కనున్న మనిషి మిగలడు. కాకకు చెప్పాను. ఆయన లోడు ఆపించాడు.

"టెన్త్ ఫెయిలైనామె లెక్కకు లారీ ఆపుతవా మల్లయ్యా?"

"లెక్క ఆమెది సేట్, సుత్తె నాది."

మొదటి పుల్లీ ఒక్క దెబ్బకే పగిలింది. లోపలంతా తెలుపు. సేటు అరుస్తూనే ఉన్నాడు. ఎనిమిది పుల్లీలు, ఎనిమిది దెబ్బలు.

"రేపటి నుంచి పనికి రాకు!"

"రాను. గవి కరిగించి మల్ల పోయించు." గేటు దాటుతూ సుత్తె నా చేతిలో పెట్టాడు. "జర బరువుంటది బిడ్డా. దించకు."

ఇప్పుడు నేను నకిరేకల్ వైపు ఇంకో ఫౌండ్రీలో పోతలు పరీక్షిస్తున్నాను. ఈ ఉదయం ఆకురాయి జారింది పంపుసెట్టు పుల్లీల మీద. మొత్తం పన్నెండు.

"మిషన్ టెస్టు రిపోర్టు మంచిగనే ఉంది మేడం, లారీ ఎదురుచూస్తాంది," అన్నాడు మేనేజరు.

"చూడనీ," అని సుత్తె ఎత్తాను.