సీసా మీది సైంటిస్టమ్మను చూడబోయాం

ఈ ప్రయాణానికి కారణం భక్తీ కాదు, విజ్ఞానమూ కాదు. అనుమానం. మా కంకిపాడులో బట్టల కొట్టు నడిపే మస్తాన్‌కి మెడ మీద గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు డాక్టరు. కత్తి తగిలితే పాకుతుందని ఎవరో చెవిలో వేశారు. దాంతో మావాడు ఆసుపత్రి మానేసి, ముసలితనాన్ని వెనక్కి తిప్పి గడ్డల్ని కూడా కరిగిస్తుందనే టానిక్కు ఒకటి పట్టాడు. సీసా మీద శాలువా కప్పుకున్న ఒక సైంటిస్టమ్మ ఫొటో. పక్కన పళ్లికిలిస్తూ టానిక్కు యజమాని.

ఆవిడ హైదరాబాదులో కణాలు ఎందుకు ముసలివవుతాయి, కేన్సరు ఎందుకొస్తుంది అని పరిశోధించే మనిషి. బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో ఉపన్యాసం ఇస్తారని పేపర్లో చూశాను.

"ఆవిడకి ఈ టానిక్కులో వాటా ఉంది మస్తానూ. పద, మొహం మీదే అడుగుదాం" అన్నాను.

"మీ ఆవిడ ఇచ్చే కాఫీ మీద కూడా నీకు అనుమానమే కదా బావా" అన్నాడు గాని, కొత్త చొక్కా తొడుక్కునే వచ్చాడు.

తొమ్మిది గంటల బస్సు తొమ్మిదిన్నరకి వచ్చింది. పొద్దుటి పూట వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. పోరంకిలో ఎక్కిన ఒకావిడ మస్తాన్ చేతిలో సీసా చూసి, "మా ఆయన కూడా అదే తాగుతున్నారండీ" అంది.

"జుట్టేమన్నా నల్లబడిందా అమ్మా?" అన్నాను.

"బడిందండీ. రంగేశారు."

బెంజ్ సర్కిల్లో దిగి పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లం చట్నీలో అల్లం ఉందా అని నాకు సందేహమే. హాల్లో వెయ్యిమంది జనం. సరే, వందకి లోపే. అందులో సగం మంది శాలువాలు పట్టుకొచ్చినవాళ్లు.

పదకొండుకి సైంటిస్టమ్మ లేచారు. సన్నటి మనిషి, నేత చీర. కణం రెండుగా చీలిన ప్రతిసారీ దాని లోపలి పోగుల కొసలు కొంచెం అరుగుతాయట. అరిగి అరిగి చీలడం ఆగిపోతుంది. మన ముసలితనంలో అదొక భాగం. కొన్ని కణాలు మాత్రం ఆ అరుగుదలను తప్పించుకుని చీలుతూనే పోతాయి. కేన్సరు అలాంటిది. చెరుకు రైతుని, నాకు వెంటనే అర్థమైంది. నరికిన మోడు నుంచి వచ్చే కార్శి తోట ఏటేటా పలచబడుతుంది. కొన్నాళ్లకి దున్నేస్తాం. పలచబడకుండా పక్కవాళ్ల చేలన్నీ మింగే కార్శి ఒకటి ఉంటే?

తర్వాత సన్మానం. మా వైపు ఎంత గొప్పవాళ్లొచ్చినా శాలువాల కింద నుంచి బయటపడాల్సిందే. ఎవరు కప్పుతున్నారో అడగడం మర్యాద కాదు, ఫొటోకి నవ్వడమే. ఆ వరసలో టానిక్కు యజమాని కూడా ఉన్నాడు. కప్పాడు, ఫొటో మెరిసింది. సీసా మీది బొమ్మ ఎలా పుట్టిందో నా కళ్లెదుటే తెలిసింది. అయినా ఆవిడ మీద అనుమానం పూర్తిగా వదల్లేదు. నవ్వింది కదా మరి!

నేను సింహంలా లేచి నిలదీశాను. అబద్ధమెందుకు, లేచిన మాట నిజం, వెనకవాళ్లు కనబడట్లేదంటే కూర్చున్నాను. అడిగింది మస్తానే.

"ఇది మీ మందేనా అమ్మా?"

ఆవిడ సీసా తీసుకుని చూశారు. మొహం పాలిపోయింది. "ఫొటో నాదేనండీ. మందు నాది కాదు. ఎవరని అడక్కుండా శాలువా కప్పించుకున్నాను, అది నా పొరపాటు."

"మేడమ్ గారి పరిశోధన ఆధారంగానే..." అని యజమాని నసిగాడు.

"నా పరిశోధన వల్ల ఇంతవరకు ఎవరి వయసూ తగ్గలేదండీ. కణాల్ని ఆగకుండా పెంచే మందే గనక ఉంటే, గడ్డ ఉన్నవాళ్లకి అసలు పోయకూడదు" అని శాలువా మడిచి అతని చేతిలో పెట్టేశారు.

మస్తాన్ మెడ తడుముకున్నాడు. "మరి నాదేంటమ్మా? కేన్సరేనా?"

"నాకు తెలియదండీ. ముక్క తీసి చూడందే ఎవరికీ తెలియదు. ఆ ముక్కలో ఏముందో చదవడం డాక్టర్లకి కాస్త తేలికైంది. మాలాంటివాళ్ల పని వల్ల ఒరిగిందంటే అదే."

"కత్తి పెడితే పాకుతుందన్నారు."

"పరీక్షకి భయపడి కూర్చుంటే, అది ఊరుకుంటుందా అండీ?"

నా అనుమానం అక్కడ వదిలింది. వాటా ఉన్న మనిషి తెలియదని చెప్పదు.

బయటికొచ్చాక మస్తాన్ ఆటో పిలిచి, "పటమట ఆసుపత్రికి" అన్నాడు. లోపలికి వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. ధైర్యం చెప్పింది నేనే. కాదు, మా ఇద్దరికీ చెప్పింది నర్సు. మూడింటికల్లా ముక్క తీశారు. వారంలో కబురు చేస్తామన్నారు.

సాయంత్రం బస్సులో నిలబడడానికే చోటు లేదు. మెడకి కట్టు చూసి కండక్టరు ఇద్దరికీ సీటు ఇప్పించాడు. పొద్దున చట్నీ దగ్గర్నుంచి అన్నిటినీ అనుమానించిన ఊరు తిరుగుదారిలో నాకెందుకో మెత్తగా కనబడింది. తాడిగడప దాటాక మస్తాన్ తల తిప్పలేక ఒళ్లంతా నా వైపు తిప్పాడు.

"బావా, ఏమొస్తుందంటావు?"

ఏమీ లేదని, నూరేళ్లు బతుకుతావని గొప్పగా చెప్పబోయాను. మాట నోటిదాకా వచ్చింది.

"తెలియదురా" అన్నాను.

"నలభై ఏళ్ల స్నేహంలో నీ మాట నమ్మింది ఇదే మొదలు బావా" అని, నా భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.