బస్టాండు దాటని మునివెంకటప్ప

మునివెంకటప్పకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనిషి కనపడితే చాలు, చిత్తూరు–తిరుపతి రోడ్డు మీద ఏదో ఒక స్టేజీలో దించేసేవాడు. ఉద్యోగమంతా ఆ రూట్లోనే కండక్టరుగా చేశాడు. రిటైరయ్యాక ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. అల్లుడికి వంట ఎంతవరకు వచ్చిందని అడిగితే "పూతలపట్టు" అనేవాడు, అంటే చిత్తూరు వదిలి ఇంకా ఎంతో దూరం పోలేదని. వీధిలో కొత్తగా బోర్డు పెట్టిన పళ్ల డాక్టరు గురించి అడిగితే, "బండి ఇంగా డిపోలోనే ఉండాదప్పా" అని దవడ నిమురుకునేవాడు.

జబ్బు బాగా ముదిరింది మాత్రం పెంచలయ్య పూల్ క్లబ్బులో. చిత్తూరు మామిడి మండీ వెనక పాత గోడౌను మీది అంతస్తులో ఉండేది ఆ క్లబ్బు. కర్రతో బంతుల్ని గుంతల్లోకి కొట్టే టేబులు ఒకటే. అది మంచిదే, దాని కింది నేలే కిటికీ వైపు కాస్త వంగి ఉంటుంది. మెల్లగా కొట్టిన బంతి ఎటు బయల్దేరినా, ఆగే ముందు కిటికీ వైపు మళ్లుతుంది. టేబులు కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి సరిచేస్తానని పెంచలయ్య అంటే సభ్యులే అడ్డుపడ్డారు. ఆ వంపు అలవాటైన వాళ్లను ఆ టేబులు మీద బయటివాళ్లు ఓడించలేరు మరి. అదే వాళ్లు లీగు ఆటలకు తిరుపతి వెళితే, చదునైన టేబులు మీద లేని వంపుకు గురిచూసి ఓడిపోయి, "తిరుపతి టేబులు వంకరప్పా" అని తిట్టుకుంటూ బస్సెక్కేవారు.

మునివెంకటప్ప మెడలో పాత విజిల్ వేసుకుని గోడవార బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరైనా మంచి షాటు కొడితే ఒక ఊదు ఊది, "పాకాల క్రాస్ దాటినావు, రైట్ రైట్" అనేవాడు. వరసగా తప్పితే రెండూళ్లు వెనక్కి తెచ్చేవాడు. ఆయన మాటకు అప్పీలు లేదు. మునిశేఖర్ అనే మండీ గుమాస్తా పూతలపట్టులో ఎన్నాళ్లున్నాడంటే, అక్కడ ఇల్లు కట్టుకొమ్మని అందరూ ఏడిపించేవారు.

అన్నిటికంటే పెద్ద అవలక్షణం ఇంకొకటి. ఎవరైనా ఘోరంగా ఓడి తలొంచుకుంటే, ఆ క్షణంలోనే లేచి వచ్చి "జరగప్పా, నా వంతు" అని కర్ర లాక్కునేవాడు. ఆయన ఆట చూడాలంటే ధైర్యం కావాలి. ఉన్న బలమంతా పెట్టి కొడితే తెల్ల బంతి టేబులు దాటి, కిటికీ దాటి, కింద అక్కమ్మ బజ్జీల అంగట్లో పడేది. అక్కమ్మ దాన్ని కడిగి, తాడు కట్టిన బుట్టలో పైకి పంపుతూ ఆయన వంశాన్నంతా ఒకసారి తలుచుకునేది. క్లబ్బులో తెల్ల బంతికి ఎప్పుడూ శనగపిండి వాసనే. మరి నీ స్టేజీ ఏది మామా అని పెంచలయ్య అడిగితే, "బస్టాండులోనే ఉండా. బండి రానీ" అనేవాడు.

ధనంజయ కథ వేరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ధనంజయ ఒక్కడే వంపు టేబులు మీద ఒక తీరుగా, చదును టేబులు మీద ఒక తీరుగా ఆడగలిగేవాడు. వరసగా లీగు గెలిచాడు. మునివెంకటప్ప ఊపిరంతా పెట్టి విజిల్ ఊది అతన్ని చంద్రగిరిలో దించాడు. క్లబ్బు చరిత్రలో అంతదూరం వెళ్లినవాడు లేడు. చంద్రగిరి అంటే తిరుపతి వచ్చేసినట్టే గదా అని ధనంజయ మనసులో పడిపోయింది. ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లి ప్రొఫెషనల్ అయిపోతానని ఇంట్లో చెప్పాడు.

భార్య లోకేశ్వరి వద్దనలేదు. వాళ్ల వీధిలోని వరదమ్మ మనవరాలు మహిత విదేశాల్లో పెద్ద పెద్ద పోటీలు ఆడే మనిషి, కాణిపాకంలో మొక్కు తీర్చుకోను వస్తోంది. "ఆ పిల్ల మీద ఐదాటల్లో ఒక్కటి గెలువు. నీ పెట్టె నేనే సర్దుతా" అంది.

మహిత వచ్చిన సాయంత్రం క్లబ్బులో నిలబడే చోటు లేదు. బయట ఎంత గొప్పదైనా ఈ వంపు ముందు ఏం చేస్తుందని సభ్యులు గుసగుసలాడుకున్నారు. ఆమె కర్ర పక్కన పెట్టి, తెల్ల బంతిని చేత్తో మెల్లగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా దొర్లించింది. "కిటికీ వైపా?" అని పెంచలయ్యను అడిగింది. దొంగచేతిలో తన తాళంచెవి చూసినవాడిలా అయింది పెంచలయ్య ముఖం.

ధనంజయ బాగానే ఆడాడు. రెండు అంచులకు తగిలించి మూలకు వేసిన బంతికి విజిల్ మోగింది, చప్పట్లు పడ్డాయి. మహిత ఆటలో చప్పట్లు కొట్టడానికి ఏమీ దొరకలేదు. ప్రతి బంతీ గుంత ముందరే, ప్రతి షాటూ సులువే. ఇట్లాంటివైతే నేనూ వేస్తానని మునిశేఖర్ కూడా అనుకున్నాడు. అట్లా అనుకుంటుండగానే నాలుగాటలు అయిపోయాయి. ఐదో ఆటలో ధనంజయ చేసిన పనల్లా కర్ర కొనకు సుద్ద రాసుకోవడమే.

మునివెంకటప్ప ఉండబట్టలేకపోయాడు.

"ఏం పాపా, ఒక్క కష్టమైన షాటు కూడా కొట్టలేదే?"

"కష్టమైన షాటు వచ్చిందంటే, దాని ముందు షాటు నేను చెడగొట్టినట్టు తాతా."

ధనంజయ చేతిలో సుద్ద ఆగిపోయింది. ఇన్నేళ్లూ తను చప్పట్లు కొట్టించుకున్న షాట్లన్నీ తన తప్పుల్ని తాను సర్దుకున్నవేనా? తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో ఈమెకు కొట్టకముందే తెలుసు. తనకు ఆగాక తెలుస్తుంది.

గదంతా మునివెంకటప్ప వైపు చూసింది. ఇప్పుడు ఇతన్ని ఏ ఊరికి తెస్తాడో. ధనంజయ ఎవరి వైపూ చూడకుండా కర్రను రెండు ముక్కలుగా విప్పుతున్నాడు. సంచిలోకి వెళితే అది మళ్లీ బయటికి రాదని, గుమ్మం దగ్గర నిలబడిన లోకేశ్వరికి అర్థమైంది.

"జరగప్పా, నా వంతు."

పెంచలయ్య కిటికీ మూయడానికి పరుగెత్తాడు గానీ చాలా ఆలస్యమైంది. బంతి అతని చెవి పక్కనుంచి వెళ్లింది. కింద నూనె మూకుడు చప్పుడు, ఆపైన అక్కమ్మ గొంతు. మహిత నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. మునివెంకటప్ప ఏమీ తగ్గలేదు. తన స్టేజీల లెక్కంతా ఆమెకు వివరించి, ఇంతకీ నేనెక్కడున్నానో నువ్వే తీర్పు చెప్పమన్నాడు.

మహిత నిజంగానే ఆలోచించింది. "బస్టాండులోనే ఉన్నారు తాతా. కాకపోతే తిరుపతికి ఎదురు దిక్కున పోయే వేలూరు బస్సు ఆగే చోట నిలబడినారు."

ఈసారి ధనంజయ కూడా నవ్వాడు. నవ్వుతూనే, విప్పిన కర్ర చేతిలో పట్టుకుని, "మరి నేను మామా?" అన్నాడు.

"సంద్రగిరే. నేను తప్పు సెప్పలా. ఈ పాప కొండమీద ఉండాది. బస్సు పోయేది తిరుపతి దాకా గదప్పా, ఆడనించి మెట్లు."

లోకేశ్వరి లోపలికి వచ్చి భర్త చేతిలోని కర్ర చూసింది. "రేపు పొద్దున ఫ్యాక్టరీ ఉండాది. ఇంగొక ఆట ఆడి రా" అని చెప్పి వెళ్లింది. ధనంజయ రెండు ముక్కలూ మళ్లీ కలిపి బిగించాడు.

ఆ రాత్రి భోంచేస్తుంటే అతనికి తన మొదటి రోజు గుర్తొచ్చింది. కర్ర జారి టేబులు మీది గుడ్డ చిరిగింది. అందరూ ఘొల్లుమన్నారు. మెట్లు దిగబోతుంటే వెనక "జరగప్పా, నా వంతు" అని వినపడింది, బంతి కిటికీ దాటింది, నవ్వంతా అటు మళ్లింది. మునిశేఖర్ ఏడుపు ముఖం పెట్టిన రోజూ అంతే. మర్నాడు క్లబ్బులో ధనంజయ మునివెంకటప్పను సూటిగా అడిగాడు, నువ్వు కావాలనే చెడగొడతావు గదా మామా అని.

"ఆట వస్తే గదప్పా, కావాలని సెడగొట్టేదానికి?" అని విజిల్ తుడుచుకున్నాడు మునివెంకటప్ప.

ఆయన కన్నుమూసి ఏడాది దాటింది. విజిల్ బెంచీ పైన మేకుకు వేలాడుతోంది. ఎవరి స్టేజీ ఏదో చెప్పేవాళ్లు లేక మునిశేఖర్ ఇంకా పూతలపట్టులోనే ఉన్నాడు.

మొన్న స్టెల్లా అనే నర్సు ఆట నేర్చుకోను వచ్చింది. మొదటి షాటుకే కర్ర జారి గుడ్డ చిరిగింది. కొందరు నవ్వారు. ఆమె కర్రను గోడకానించి చెప్పుల కోసం చూసుకుంటోంది.

"జరగమ్మా, నా వంతు" అన్నాడు చంద్రగిరి ధనంజయ.

బంతి కిటికీ దాటింది. తర్వాత బుట్ట మెల్లగా పైకి వచ్చింది, శుభ్రంగా కడిగిన బంతితో. తాడు కింది కొసనుంచి అక్కమ్మ గొంతు వినపడింది.

"ఇన్నాళ్లూ బంతి రాకపోతే క్లబ్బు మూసేసినారేమో అనుకుంటినప్పా."