డైసీ ప్రోగ్రాంలో ఇమ్మాను తేదీ

డైసీకి కోపం ముక్కు మీదే ఉంటుందని భిలాయిలో రుఆబాంధా పేటలోని తెలుగువాళ్ళందరికీ తెలుసు. అది తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆయన ఆముదాలవలస దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. పట్టా మీద వెంట్రుకవాసి గీత కనిపించినా వెనక్కి పంపేవాడు. ఇంట్లో కూడా అంతే, కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే కంచం వెనక్కి వెళ్ళేది. కూతురు ఆ గుణాన్ని తీసుకెళ్ళి కంప్యూటర్లో పెట్టింది.

పెట్టకేం చేస్తుంది పాపం. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై మూడేళ్ళు కావస్తోంది. ప్లాంటులో కొత్తవాళ్ళను తీసుకోవడం లేదు సరికదా, ఉన్నవాళ్ళనే డబ్బిచ్చి ముందుగా ఇంటికి పంపుతున్నారు. బీయెస్సీ అయ్యాక డైసీ సుపేలా బజారులో ఒక మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా అనుభవం ఉందా అని హిందీలో అడిగి, లేదనగానే చాయ్ కూడా ఇవ్వకుండా పంపేశారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడి నుంచి తెమ్మంటారో ఆ మహానుభావులు చెప్పలేదు. అలాంటి రోజుల్లో వాళ్ళ తెలుగు సంఘం పాస్టరు అయ్యగారు పిలిచి, చర్చి రిజిస్టరు చెదలు పట్టిపోతోంది, అదంతా కంప్యూటర్లో పెట్టగలవా అమ్మా అని అడిగారు. డైసీ ఎగిరి గంతేసింది.

ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆదివారం ప్రసంగానికి ముందు అయ్యగారు ఆ వారంలో వచ్చే పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, చనిపోయినవాళ్ళ జ్ఞాపకదినాలు చదువుతారు. పేరు వినబడగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. పోయినవాళ్ళ పేరైతే అందరూ తలలు వంచి కాసేపు మౌనంగా ఉంటారు. ఆరాధన అయ్యాక ఆ ఇంటివాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి తినడానికేదైనా పంచుతారు. పోయినవాడి పేరు చెప్పి తినడమన్నమాట. సంఘంలో ఎవరిది ఏ స్థితి అయినా ఆ ఒక్క పూట అందరూ వాళ్ళ గుమ్మం ముందు చెయ్యి చాపవలసిందే.

జోగమ్మకి ఉన్నది ఆ ఒక్క పూటే. ఆమె భర్త ప్లాంటు క్యాంటీన్‌లో వంట చేసేవాడు, ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఇమ్మాను ఎనిమిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి నవంబరు ఏడున పోయాడు. వాడికి బూందీ అంటే ప్రాణం. అందుకని ఏటా ఆ వారం ఆమె స్టీలు డబ్బా నిండా బూందీ చేసి తెచ్చి చర్చి పిల్లలకు పంచుతుంది. రిజిస్టరు కంప్యూటర్లోకి వెళ్తోందని తెలియగానే అందరికంటే ముందు వచ్చింది ఆమే.

"మావోడిని అందులోకి ఎక్కించినావేటి పాపా?"

ఎక్కించామని, ఇక చెదలు పట్టే భయం లేదని, ప్రతి నవంబరులోనూ అయ్యగారి చేతికి పేరు దానంతటదే వస్తుందని డైసీ ఆమెకు గట్టిగా చెప్పింది. ఆమె కంప్యూటర్ కేసి చూసి వందనాలు చెప్పి వెళ్ళింది.

టైపు చేసే పని సంఘం సెక్రటరీ కొర్నేలి గారిది. ప్లాంటు టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. ఒక్క వేలితో వెతికి వెతికి కొట్టేవాడు. ఆయన వేలి కింద ప్రోగ్రాం మొదటిరోజే కూలిపోయింది. వయసు అడిగిన చోట "యాభై దాటింది" అని కొట్టాడు. ఫోన్ నంబరు అడిగిన చోట "పక్కింటి శర్మగారిది" అని కొట్టాడు. సంఘంలో ముగ్గురు పైడమ్మలు ఉన్నారు కాబట్టి పేరు దగ్గర "సెక్టార్ 7 పైడమ్మ" అని కొట్టాడు. ఆయన ఉద్దేశంలో అవన్నీ నిజాలే. కంప్యూటర్ మాత్రం అర్థంకాని ఇంగ్లీషులో ఏదో అరిచి మూతపడింది.

డైసీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూర్చుని ఒక్కో గడికీ ఒక్కో కాపలా పెట్టింది. పేరులో అంకెలు ఉంటే తీసుకోదు. ఫోన్‌కి ఆరంకెలు లేకపోతే తీసుకోదు. తేదీ ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఒకే ఇంట్లో ఒకే పేరు రెండోసారి ఎక్కిద్దామంటే ఒప్పుకోదు. ఈ చివరిది ఆమెకు మహా గర్వం. ఇన్‌స్టిట్యూట్ సార్ కూడా మెచ్చుకున్నాడు.

ఆ కాపలాలన్నీ ఏమయ్యాయో విన్నారంటే నవ్వొస్తుంది, ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. తమ పుట్టినరోజు తెలియని ముసలివాళ్ళు సంఘంలో బోలెడుమంది. తేదీ లేనిదే ముందుకు కదలదు కాబట్టి కొర్నేలి గారు అందరికీ జనవరి ఒకటి కొట్టేశాడు. సంఘంలో సగం మంది ముసలివాళ్ళు ఒకే రోజున పుట్టారు. ఆగస్టులో టెలిఫోన్ వాళ్ళు నంబర్లన్నిటికీ ముందు ఒక 2 చేర్చి ఏడంకెలు చేశారు. ఆరంకెల కాపలా ఊరందరి ఫోన్లనూ తిప్పికొట్టింది. డైసీ తిట్టుకుంటూ దాన్ని మార్చింది, కొర్నేలి గారు ఫోన్ ఉన్న ప్రతి ఇంటి వివరాలనూ మళ్ళీ తెరిచి, ఒక రెండు చేర్చి, మళ్ళీ మూశాడు.

ఈలోగా ఇంకో గొడవ మొదలైంది. ఫలానావారి పుట్టినరోజు చదవలేదని, ఫలానావారి పెళ్ళిరోజు ఎప్పుడో చదివేశారని ఫిర్యాదులు. డైసీ నేరుగా కొర్నేలి గారి మీదికి వెళ్ళింది.

"నాను సరిగ్గానే కొడతన్నానమ్మా. తప్పుంటే దిద్దతన్నాను కూడా. దిద్దినాక మళ్ళీ తెరిస్తే అది తిరగబడిపోయి ఉంటాది" అన్నాడాయన.

"తనంతట తనే ఎలా తిరగబడుద్ది అంకుల్? మీరే ఉల్టా కొడుతున్నారు. కంటికి ఆపరేషన్ చేయించుకోండి."

ఆయన కంటికి శుక్లం ఉన్నమాట నిజమే. అందుకే పాపం తన కంటినే అనుమానించుకున్నాడు. డైసీ తన ప్రోగ్రాంని పరీక్షించకుండా ఇవ్వలేదు. తన పుట్టినరోజు జూన్ ఇరవై మూడు, తండ్రిది మార్చి పంతొమ్మిది, క్రిస్మస్ డిసెంబరు ఇరవై అయిదు. మూడూ కొట్టి చూసింది, మూడూ ముత్యాల్లా నిలబడ్డాయి. కొర్నేలి గారు తన పెళ్ళిరోజు ఆరో నెల ఆరు కొట్టి చూసుకున్నాడు, అదీ నిలబడింది. ఇంకా ఏం అనుమానం ఉంటుంది?

నవంబరు వచ్చింది. ఆ ఆదివారం జోగమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళో స్టీలు డబ్బా. అయ్యగారు పుట్టినరోజులు చదివారు. పెళ్ళిరోజులు చదివారు. జ్ఞాపకదినాల్లో ఒక ముసలాయన పేరు చదివారు. జోగమ్మ డబ్బా పక్కన పెట్టి, బల్ల పట్టుకుని సగం లేచింది. అయ్యగారు కాగితం మడిచి బైబిలు తెరిచారు. ఆమె కాసేపు అలాగే ఉండి, మెల్లగా కూర్చుంది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ముసలాయన ఇంటివాళ్ళు లడ్డూలు పంచుతున్నారు. పేరు చదవనిదే పంచడం అలవాటు లేదు కాబట్టి జోగమ్మ డబ్బా మూత తియ్యలేదు. డైసీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మావోడిని ఒగ్గేసినారేటి పాపా? సానా ఏళ్ళయిపోతే కంప్యూటర్ తీసేస్తాదేటి?"

డైసీకి దుఃఖం వచ్చింది, ఆమెకు దుఃఖం వచ్చినా కోపంలాగే ఉంటుంది. లేదు పెద్దమ్మా, ఇప్పుడే చూస్తానని చెప్పి, కొర్నేలి గారి చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఆయన్ని చర్చి వెనక గదిలోకి లాక్కుపోయింది. ఇమ్మాను వివరాలు తెరిచింది. అక్కడ నవంబరు ఏడు లేదు, జులై పదకొండు ఉంది.

చూశారా, ఉల్టా కొట్టారు అని ఆయన మీద విరుచుకుపడి, దాన్ని చెరిపి, తన చేత్తో తనే ఏడు, పదకొండు అని కొట్టి దాచింది. మళ్ళీ తెరిచింది. జులై పదకొండు. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి జులై పదకొండు. కొర్నేలి గారు వెనక నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండునని డైసీకి అనిపించింది.

అప్పుడు అర్థమైంది. తెర మీద రోజు ముందు, నెల తరువాత, మన పద్ధతే. కానీ డైసీ ఆ అంకెలను ఉన్నవున్నట్టు ఒక ఆజ్ఞా వాక్యంలో అతికించి, వివరాలు దాచే లోపలి డేటాబేస్‌కి పంపుతోంది, దానికి అమెరికా అలవాటు, మొదటి అంకెను నెల అనుకుంటుంది. ఏడు పదకొండు వస్తే ఏడో నెల అనుకుంది. ఇరవై మూడు వస్తే, ఇరవై మూడో నెల ఎక్కడా లేదు కాబట్టి, అడక్కుండా తనే తిప్పి సరిచేసుకుంది. డైసీ పరీక్షించిన తేదీలన్నీ పన్నెండు దాటినవే. కొర్నేలి గారి ఆరో నెల ఆరు ఎటు తిప్పినా ఆరే. ఆ దరిద్రపు డేటాబేస్ ఒక్కసారి, ఒక్కసారైనా తప్పు అని అరిచి ఉంటే డైసీ బతికిపోయేది. అరవవలసిన చోట మాత్రం మర్యాదగా సర్దుకుపోయింది. కొర్నేలి గారు కొట్టే ప్రతి అక్షరాన్నీ అనుమానించిన డైసీ, తను రాసిన ఆ ఒక్క వాక్యాన్ని అనుమానించలేదు.

తిప్పినవన్నీ మళ్ళీ తిప్పేస్తే పోలేదా అంటారు. అదీ కుదరదు. ఫోన్ నంబరు కోసం తెరిచి మూసిన ప్రతి ఇంటి తేదీ ఇంకోసారి తిరగబడి, దానంతటదే సరైపోయింది. రెండుసార్లు తెరిచినవి మళ్ళీ చెడ్డాయి. పాత రిజిస్టరులో చూద్దామంటే సగం చెదలు తినేశాయి, ఏది సరైనదో, ఏది కాదో చెప్పే దిక్కు లేదు. జోగమ్మ ఇంట్లో ఫోనే లేదు కాబట్టి ఇమ్మాను పేరుని ఎవరూ తెరవలేదు. అలాగే ఉండిపోయాడు.

అంటే జులైలో చదివి ఉంటారు. డైసీ అడిగితే కొర్నేలి గారు గుర్తు తెచ్చుకుని, అవును, వాన కురుస్తున్న ఆదివారం ఆ పేరు చదివారని, ఎవరూ లేవకపోతే అయ్యగారు కాసేపు చూసి తరువాతి పేరుకి వెళ్ళిపోయారని చెప్పాడు. జోగమ్మ అప్పుడు తమ్ముడికి జబ్బు చేస్తే పలాస వెళ్ళి ఉంది.

మరునాడు డైసీ తేదీల గడిని పీకేసి మూడు గడులు చేసింది. రోజుకి ఒకటి, ఏడాదికి ఒకటి, మధ్యలో నెలను అంకెతో కాకుండా పేరుతో ఎంచుకోవాలి. లోపలికి పంపేటప్పుడూ నెల పేరుతోనే పంపింది. తెలియనివాళ్ళకు తెలియదు అని చెప్పుకునే వీలు కూడా ఇచ్చింది. కొర్నేలి గారి ఇంటికి వెళ్ళి తప్పు తనదేనని చెప్పింది. ఆయన నవ్వి, ఆపరేషన్ ఎలాగూ చేయించుకోవాల్సిందే అన్నాడు. తరువాత తండ్రి లూనా బండి తీసుకుని, తేదీలు మళ్ళీ అడగడానికి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి ఇల్లు జోగమ్మది.

స్టీలు డబ్బా కిటికీలో అలాగే ఉంది, మూత తీసినట్టు లేదు. డైసీ నిలబడే అంతా చెప్పింది. కంప్యూటర్ పేరు తీసెయ్యలేదని, తను రాసినదాంట్లోనే తప్పుందని, అందువల్ల పేరు జులైలో చదివేశారని చెప్పింది. ఇప్పుడు సరిచేశానని, వచ్చే ఆదివారం అయ్యగారు చదువుతానని మాటిచ్చారని, జులై తేదీని పూర్తిగా తుడిచేశానని కూడా చెప్పింది.

"జులైలో సదివినప్పుడు ఎవరు నిలబడ్డారు?"

డైసీ తల దించుకుంది. "ఎవరూ లేరు పెద్దమ్మా."

జోగమ్మ లేచి, డబ్బా మూత తీసి, మెత్తబడిపోయిన బూందీ గుప్పెడు తీసి డైసీ చేతిలో పోసింది.

"అదీ ఉండనీ పాపా. తుడిసీకు."

అది తప్పు తేదీ పెద్దమ్మా అని డైసీ చెప్పబోయింది.

"తప్పయితే అయింది. అంతమందిలో మావోడిని పిలిసినారు గదా, వాడు ఒక్కడే నిలబడ్డాడు. మళ్ళీ పిలిసినప్పుడు నానుంటాను."

డైసీ చర్చి వెనక గదికి వెళ్ళి జులై పదకొండుతో ఇమ్మాను పేరు ఎక్కించబోయింది. ఒకరి పేరు రెండోసారి ఎక్కదని కంప్యూటర్ చెప్పింది. ఆమె ఎంతో మురిసిపోయిన ఆ కాపలా ఎర్ర అక్షరాల్లో తెర మధ్యలో నిలబడింది. డైసీ దాన్ని తిట్టలేదు. ప్రోగ్రాం లోపలికి వెళ్ళి ఆ కాపలా రాసిన నాలుగు వరసలూ చెరిపేసింది.

తరువాతి వేసవిలో ఆమెకు భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అక్కడా తేదీలే, అక్కడా అరుపులే. ఆమె తర్వాత చర్చి కంప్యూటర్ చూసుకోవడానికి వచ్చిన కొత్త కుర్రాడొకడు, జాబితాలో ఒక పేరు రెండుసార్లు ఉంది దీదీ, ఒకటి తీసెయ్యనా అని అడిగి చీవాట్లు తిన్నాడు.

ఆ జులైలో అయ్యగారు ఇమ్మాను పేరు చదివారు. బయట వాన. ముందు వరసలో జోగమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. వెనక వరసలో డైసీ కూడా నిలబడింది. ఆరాధన అయ్యాక పిల్లలంతా గుమ్మం దగ్గర చేతులు చాపారు, డబ్బా అడుగు కనిపించేదాకా ఆమె వాళ్ళకు పంచింది.